నూకరత్నం గది మడతబందులు

నూకరత్నం గదికి తలుపు బిగించిన రోజు నుంచి ఆ ఇంట్లో మాటలు తగ్గాయి, చప్పుళ్ళు పెరిగాయి. గిన్నె కింద పెడితే చప్పుడు, బకెట్ జరిపితే చప్పుడు. అత్తగారు పాపాయమ్మ దగ్గినా అది దగ్గులా ఉండేది కాదు, ఎవరినో తిట్టినట్టుండేది.

నరసాపురం దాటి ఏటిగట్టు వెంట కిందికి పోతే తగిలే పల్లెలో ఉంది ఆ ఇల్లు. ఆ పల్లెలో మగవాళ్ళు చేపల వేటకు పోతారు, ఆడవాళ్ళు ఆ సరుకు అమ్ముతారు. పాపాయమ్మకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు గంగాధర్‌కి సొంత పడవ ఉంది. అతని భార్య బేబీ. చిన్నవాడు చిట్టియ్య పచ్చకామెర్లు ముదిరి చనిపోయాడు. అతని భార్యే నూకరత్నం. పిల్లలు లేరు.

మొగుడు పోయిన ఏడాది తిరక్కుండానే ఆమె కువైట్ వెళ్ళింది, ఇంటి పనికి. అక్కడ ఆమె పడక బట్టలుతికే మిషను ఉన్న గదిలో. ఆ గదికి తలుపుంది, లోపల గడియ లేదు. ఇంట్లో ఎవరికి తువ్వాలు కావాలన్నా, పిల్లాడి సాక్సు కావాలన్నా తోసుకుని వచ్చేసేవారు. ఆమె నిద్రపోతున్నా అంతే, బట్టలు మార్చుకుంటున్నా అంతే. వాళ్ళు చెడ్డవాళ్ళని నూకరత్నం ఎప్పుడూ అనలేదు. మనం బీరువా తీసేటప్పుడు బీరువాని అడుగుతామా, అలాగే వాళ్ళూను, అనేది.

తిరిగొచ్చాక ఆమెకు ఒకటే కోరిక మిగిలింది. తన గది, దానికి తలుపు, ఆ తలుపుకి లోపలి నుంచి గడియ. చిట్టియ్య వాటా కింద హాలు చివర చోటు ఉంది. అక్కడ గోడలు లేపించి గది కట్టుకుంది. గదికంటే ముందే మంచం చేయించుకుంది. అన్నేళ్ళూ నేల మీద పడుకుని, ఇద్దరు పట్టే మంచం మీద ఒక్కతే అడ్డంగా పడుకోవాలని ఆమె సరదా. ఆ మంచం గదిలో వేస్తే నడిచే చోటే మిగల్లేదు.

తలుపు చేసిన వడ్రంగి వీరబ్రహ్మం అప్పుడే చెప్పాడు. తలుపు లోపలికి తెరిస్తే మంచం కోడుకి కొట్టుకుంటుంది. మంచమైనా చిన్నది చేయించుకో, లేదంటే తలుపు హాల్లోకి తెరిచేలా పెడతాను, ఏదో ఒకటి తేల్చుకో అన్నాడు. నూకరత్నం ఆలోచించను కూడా లేదు. మంచం ఉండాల్సిందే అంది. వీరబ్రహ్మం తలుపుని హాల్లోకి తెరిచేలా బిగించి, కూలి పుచ్చుకుని పోయాడు. అలా తలుపు హాల్లోకి తెరుచుకుంది, మడతబందులు హాల్లోకి కనపడ్డాయి. ఆ సంగతి గురించి అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. మడతబందుల్ని చూసేదెవరు? తలుపుకి రంగు చూస్తారు, గడియ చూస్తారు, తాళం ఏ కంపెనీదో చూస్తారు.

ఆ ఇంట్లో పగలు తలుపెయ్యడం అలవాటు లేదు. గంగాధర్ గదికీ తలుపుంది కానీ, పొద్దున్నే దానికి పాత రుబ్బురోలు పొత్రం అడ్డం పెడితే మళ్ళీ రాత్రికే తీసేది. అలాంటింట్లో నూకరత్నం బజార్లో చేపలమ్మి వచ్చి, కాళ్ళు కడుక్కుని, గదిలోకి పోయి గడియ పెట్టుకునేది. ఆ గడియ చప్పుడు పాపాయమ్మకు చెంపదెబ్బలా తగిలేది. పగలు తలుపేసుకునేది ఒళ్ళమ్ముకునేవాళ్ళూ దొంగలూనంటూ వీధరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకు చెప్పేది. లోపల బంగారం ఉందని బేబీ అనుమానం. ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతుందని ఇంకో అనుమానం. నిజానికి లోపల నూకరత్నం ఏమీ చేసేది కాదు. మంచం మీద వెల్లకిలా పడుకుని ఫ్యాను వైపు చూస్తూ ఉండేది.

ఉప్పుగాలికి కొత్త బందులు నెల తిరక్కుండా తుప్పు పట్టి కిర్రుమనడం మొదలెట్టాయి. తలుపు తీస్తే కిర్రు, వేస్తే కిర్రు. పాపాయమ్మకు అది బాగానే ఉండేది. అరుగు మీద కూర్చునే కోడలు ఎప్పుడు లేచిందో, ఎన్నిసార్లు బయటికొచ్చిందో తెలిసిపోయేది. ఒకరోజు నూకరత్నం కోడీకతో కొబ్బరినూనె రాసి ఆ చప్పుడు పోగొట్టింది. దానికీ తగువే. చప్పుడు చెయ్యని తలుపు దొంగ తలుపని పాపాయమ్మ పోట్లాడింది.

అసలు పగ మాత్రం జ్వరం రోజున పుట్టింది. బేబీ పుట్టింటికి వెళ్ళింది, గంగాధర్ వేటలో ఉన్నాడు. మధ్యాహ్నం పాపాయమ్మకు చలిజ్వరం వచ్చింది. హాల్లో చాప మీద పడుకుని మంచినీళ్ళకని కోడల్ని పిలిచింది. మొదటి పిలుపు నూకరత్నానికి వినిపించింది. రెండోసారి పిలిస్తే లేద్దామనుకుంది. తెల్లారకముందే లేచిన ఒళ్ళు, ఆ లోపలే కళ్ళు మూతపడ్డాయి. పాపాయమ్మ ఎన్నిసార్లు పిలిచిందో ఆమెకే తెలియాలి. సాయంత్రం నూకరత్నం గడియ తీసి బయటికొచ్చేసరికి ముసలావిడ పాక్కుంటూ వంటింటి దాకా పోయి, కుండ పక్కనే గోడకు ఆనుకుని ఉంది. వినపడలేదత్తా అంది నూకరత్నం. పాపాయమ్మ ఆ తలుపు వైపు చాలాసేపు చూసింది.

ఆ తర్వాత వరసగా నష్టాలొచ్చాయి. గంగాధర్ పడవ ఇంజను కాలిపోయింది. కొత్త వల ఎవరిదో లంగరుకి తగులుకుని చీలికలైంది. బేబీ పాలకొల్లు నుంచి వాస్తు చూసే పంతులుగారిని పిలిపించింది. ఆయన చెప్పులు బయట విడిచి, ఇల్లంతా, దొడ్లో స్నానాల గదితో సహా తిరిగి తలుపులు లెక్కపెట్టాడు. దొడ్డిగుమ్మం రేకు తలుపు తలుపేనా అని బేబీకి సందేహం. వంటింటికి తలుపే లేదు కదా, ఆ గుమ్మం లెక్కలోకొస్తుందా అని ఇంకో సందేహం. ఆయన ఓపిగ్గా చెప్పాడు. బందుల మీద తిరిగే రెక్క ఉంటే అది తలుపు, రెక్క లేకపోతే అది ఉత్త దోవ. ఇంటి తలుపులు సరిసంఖ్యలో ఉండాలి. ఈ ఇంట్లో చివర్న కట్టిన గదితో బేసి అయింది, అదీ దోషం. ఒకటి పెంచినా సరే, ఒకటి తగ్గించినా సరే అని చెప్పి, తాంబూలం అందుకుని వెళ్ళిపోయాడు.

పెంచుదామని ఎవరూ అనలేదు. హాల్లో ఉన్నవాళ్ళందరూ ఒకే వైపు తిరిగారు.

"అటెందుకు చూస్తారు? బావగారి గది తలుపు తీసెయ్యండి. ఎలాగూ రోజంతా తెరిచే ఉంటుందిగా" అంది నూకరత్నం.

"సంసారం చేసుకునేవాళ్ళ తలుపు తీసి, ఒంటికాయ సొంటికొమ్ముకి తలుపుంచాలా?" అంది పాపాయమ్మ.

ఆ మాటకు బేబీ నవ్వింది. నూకరత్నం మొహం నల్లబడింది. మర్నాడు బజారుకు పోతూ తలుపుకి పెద్ద తాళం వేసింది. లాగి చూసింది. ఇంకోసారి లాగి చూసింది. తాళంచెవి రవికలో దోపుకుని ఆటో ఎక్కింది.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి తలుపు తెరుచుకుని ఉంది. తాళం మాత్రం వేసింది వేసినట్టే ఉంది. ఆమెకు కాసేపు ఏమీ అర్థం కాలేదు. తలుపు తెరుచుకోవలసిన వైపు మూసి ఉంది, ఎప్పుడూ తెరుచుకోని వైపు బార్లా తెరిచి ఉంది. రెక్క ఆ తాళానికే వేలాడుతూ, కింది మూల నేలకు ఆని, తాగినవాడిలా ఒరిగిపోయి ఉంది. ఆ సందులోంచి ఆమె మంచం, దాని మీద మడత పెట్టని దుప్పటి, దండెం మీద నైటీ, అన్నీ వీధిలోకి కనపడుతున్నాయి.

దగ్గరికి పోయి చూసింది. మడతబందు అంటే ఏముంది, గుమ్మానికో రేకు, తలుపుకో రేకు, రెండూ కలిసేచోట గొట్టం, ఆ గొట్టంలో ఒక పిన్ను. రేకులు ఎక్కడివక్కడే ఉన్నాయి, పిన్నులు లేవు. కిందినుంచి మేకు పెట్టి కొడితే వచ్చేసినట్టున్నాయి. నూనె రాసి ఉన్నాయి కదా, ఇంకా సులువుగా వచ్చి ఉంటాయి. పాపాయమ్మ ఒళ్ళో పచ్చడిబండ ఉంది.

"తాళం ఎవరు తీశారు?" అంది నూకరత్నం, తెలిసీ.

"కళ్ళు పోయాయా? నీ తాళం నీకే ఉంది. మేం ముట్టుకోలేదు."

"పిన్నులేవి?"

"ఏట్లో ఉన్నాయి. దూకి తెచ్చుకో."

బేబీ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. తాళం తియ్యి రత్నం, రెక్క మోసుకుపోయి వలల కొట్టంలో పెడతారు మీ బావగారు, నీకు మంచి కర్టెన్ కుట్టిస్తాలే, ఏ రంగు కావాలో చెప్పు అంది. అంత మెత్తగా ఆమె ఆ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు.

నూకరత్నం తాళం తియ్యలేదు. తీస్తే రెక్క పోతుంది. రెక్క పోతే ఆ గది దోవ అయిపోతుంది, అందరూ నడిచే దోవ. ఆ తాళానికి వేలాడుతున్నంత కాలం అది తలుపే. చెవి రవికలోంచి బయటికి తీయకుండా, సందుకి అడ్డంగా ఒక చీర కట్టి, ఆ చీర వెనకే బట్టలు మార్చుకుంది.

అలా కొన్నాళ్ళు ఆ తలుపు వేలాడింది. దానివల్ల నలిగిపోయినవాడు గంగాధర్. టీవీ ఉన్నది ఆ గోడకే. టీవీ చూస్తే మరదలి మంచం కనపడుతుంది. తమ్ముడి భార్య ఉన్న గదిలోకి బావ తొంగిచూడటం ఆ పల్లెలో అప్రతిష్ఠ. అందుకని అతను కుర్చీ వెనక్కి తిప్పుకుని కూర్చుని, క్రికెట్టు చెవులతో వినేవాడు. వికెట్టు పడితే తల తిప్పబోయి, మళ్ళీ అవతలి గోడ వైపు తిరిగేవాడు. బేబీ విసుక్కునేది. నూకరత్నం చీర వెనక నుంచి ఇదంతా చూసేది. ఆమెకు నవ్వు రాలేదు. చీర అంచు గాలికి లేచినప్పుడల్లా కువైట్‌లోని మిషను గది గుర్తుకొచ్చి, ఆ మంచం మీద కాళ్ళు ముడుచుకుని ఒక మూలకి పడుకునేది.

వీరబ్రహ్మం దగ్గరికి వెళ్ళి పిన్నులు వేసిపెట్టమంది. అతను చిత్రిక పడుతున్న చెక్క మీంచి తలెత్తలేదు. మీ ఇంటి గొడవల్లో నన్ను దించకమ్మా, రేపు గంగాధర్ తాగి నా మీదికొస్తే నువ్వు అడ్డం పడతావా అన్నాడు. ఆనక కొంచెం జాలిపడ్డట్టు, "పిన్నులు వేసినా మళ్ళీ కొడతారు. నీ బందులు వాళ్ళ వైపున్నాయి. మంచం కావాలన్నది నువ్వే కదా" అన్నాడు. ఆ చివరి మాట ఆమెకు మేకులా దిగింది. అతని మీద కోపం తన మీదికి తిరిగింది.

పాలకొల్లు బజార్లో నూకరత్నం పక్కన కూర్చుని అమ్మే ఆవిడ చిన్నమ్మాయి. పేరుకే చిన్నమ్మాయి, మనవరాళ్ళున్నారు. నోరు పెద్దది. నూకరత్నం ఆమెను పిన్ని అంటుంది. రోజూ అమ్మకాలయ్యాక మిగిలిన సరుకు మీద ఐసు పోసి పెట్టెలకు తాళాలేసి, ఐసు డిపో వరండాలో ఉంచి పోతారు. ఒకరోజు ఎవరో కొత్తగా వచ్చిన పిల్ల, పెట్టె వీపు రోడ్డు వైపుకు పెట్టి పోయిందిట. మర్నాడు పొద్దున్న చూస్తే తాళం అలాగే ఉంది, పెట్టెలో చందువా చేపలు లేవు. పిల్ల ఏడుస్తుంటే చిన్నమ్మాయి తిట్టింది.

"తాళం చూసుకుని మురిసిపోయావు. మూత తిరిగేది వెనకనుంచి కదే, పెట్టె వీపు గోడకి ఆనించాలని నీకెవరూ చెప్పలేదా?"

నూకరత్నం చేతిలోని కానాగంత చేప జారి కిందపడింది. ఇన్నేళ్ళుగా ఆమె కూడా తన పెట్టెను అలాగే, వీపు గోడకు ఆనించే పెట్టేది. అందరూ పెడతారు కాబట్టి పెట్టేది. ఎందుకో ఎప్పుడూ తనని తాను అడగలేదు. గడియ ఎవరి వైపుంటే తలుపు వాళ్ళదని అనుకుంది. కాదు. బందులు ఎవరి వైపుంటే వాళ్ళది. చేపల పెట్టెకు చేసిన పాటి తన గదికి చేసుకోలేకపోయింది.

ఆరోజు ఇంటికి పోతూ నరసాపురంలో ఇనప సామాన్ల కొట్టు దగ్గర దిగింది. బందులు అడిగితే కొట్టతను ఇనపవి చూపించాడు, ఆమె వద్దంది, ఉప్పుగాలికి ఏమవుతాయో ఆమెకు తెలుసు. స్టీలువి చూపించాడు. లోపలికి తెరిచే తలుపుకు పనికొస్తాయా అని అడిగింది. బందుకి లోపల బయట ఏముందమ్మా అని అతను రెండు అరచేతులూ చిటికెన వేళ్ళ దగ్గర కలిపి, పుస్తకంలా తెరిచి మూసి చూపించాడు. వేళ్ళు కలిసిన గాడి ఎటు కనపడితే తలుపు అటు తెరుచుకుంటుందండి, అంతే అన్నాడు. ఆమె ఆటోలో కూర్చుని తన చేతులతో దారంతా అలాగే తెరిచి మూసి చూసుకుంది. పక్కనున్న ఆవిడ కొంచెం దూరం జరిగింది.

గంగాధర్ వేటకు పోయిన రోజు చూసుకుని చిన్నమ్మాయిని ఇంటికి తీసుకొచ్చింది. ముందు మంచం బయటికి తీయాలి. ఇద్దరూ కలిసి పట్టెలు విప్పి, ముక్కలు ముక్కలుగా వరండాలోకి చేర్చారు. పాపాయమ్మ, బేబీ చూస్తూ నిలబడ్డారు. మంచం బయటికి రావడం చూసి పాపాయమ్మ కోడలు ఇల్లు వదిలి పోతోందనుకుంది.

"ఎక్కడికి పోతన్నావే?" అంది, ఆశగానే.

"ఎక్కడికీ పోవట్లేదు" అంది నూకరత్నం.

మంచం తీసేశాక గది ఎంత పెద్దదో, ఎంత బోసిగా ఉందో తెలిసింది. నూకరత్నం గుమ్మం మధ్య నిలబడి ఒక్క క్షణం దాని వైపు చూసి, రవికలోంచి చెవి తీసి తాళం విప్పింది. రెక్క పడిపోకుండా చిన్నమ్మాయి భుజం అడ్డం పెట్టింది. బేబీ గబగబా వచ్చి రెక్క అంచు పట్టుకుంది, అత్తా పట్టుకో అని అరిచింది. కాసేపు నలుగురు ఆడవాళ్ళు ఒక తలుపుని అటూ ఇటూ లాగారు. చిన్నమ్మాయి నాలుగు బజార్లు చూసిన మనిషి. లాగడం ఆపి, బేబీ చెవి దగ్గర నోరు పెట్టి, "వదులమ్మా, గోరు లేచిపోతే నీ మొగుడు రాత్రికి ఎవరిచేత వీపు గోకించుకుంటాడు" అంది. బేబీ చెయ్యి దానంతటదే వదిలేసింది. ఆ క్షణంలో రెక్కను గదిలోకి లాగేసుకున్నారు.

వడ్రంగిపని ఇద్దరికీ రాదు. చేపల ట్రేలు బోర్లించి వాటి మీద రెక్కను నిలబెట్టారు, ఎత్తు చాలకపోతే కింద గోనె మడిచి పెట్టారు. తలుపు గుమ్మం గాడిలో ఇమడలేదు, ఆ గాడి హాలు వైపున చెక్కింది. అందుకని గుమ్మానికి లోపలి వైపు ఆనించి, పైనుంచే బందులు పెట్టి, స్క్రూలు బిగించారు. మొదటి బందు వంకరగా వచ్చింది. విప్పి మళ్ళీ పెట్టారు. స్క్రూడ్రైవరు తిప్పి తిప్పి నూకరత్నం అరచేయి బొబ్బలెక్కింది. రెండోది బిగించేసరికి సాయంత్రమైంది. మూడోది బిగిస్తుండగా గంగాధర్ వచ్చాడు.

అతను హాల్లో గుమ్మానికి అవతల నిలబడ్డాడు. ఒంటి మీద ఇంకా ఏటినీళ్ళు ఆరలేదు. ఎవర్నడిగి బిగిస్తున్నారని గట్టిగా అడిగాడు. పాపాయమ్మ వెనకనుంచి ఎగదోసింది, పీకెయ్యరా, నీ చేతులకేమైంది అంది. తలుపు లోపలికి తెరిచి ఉంది. అతనికి ఇటువైపు ఉత్త చెక్క అంచు తప్ప ఏమీ కనపడటం లేదు. పట్టుకుని పీకడానికి, కొట్టడానికి ఏమీ లేదు.

నూకరత్నం స్క్రూడ్రైవరు తిప్పడం ఆపి, తలకొంగు సర్దుకుంది. ఎన్నడూ బావగారితో నేరుగా మాట్లాడని మనిషి.

"పిన్నులు ఇటున్నాయి బావగారూ. కావాలంటే లోపలికొచ్చి తీసుకెళ్ళండి."

గంగాధర్ కుడికాలు గుమ్మం దాకా వచ్చింది. వీధిలో నలుగురు పోగయ్యారు. వాళ్ళు తన కాలి వైపే చూస్తున్నారని అతనికి తెలుసు. తమ్ముడు లేని గది, లోపల తమ్ముడి పెళ్ళాం. ఆ గుమ్మం దాటితే రేపటినుంచి పల్లెలో ఏమంటారో అతను లెక్కేసుకున్నాడు. కాలు వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు మగాడివేనా?" అంది పాపాయమ్మ.

"మరదలి గదిలోకి దూరమంటావా నన్ను? అందరి ముందూ?" అని తల్లి మీదే విరుచుకుపడి, తువ్వాలు విసిరికొట్టి దొడ్డివైపు పోయాడు.

వాడు పోకపోతే నేను పోతానని పాపాయమ్మ చీర ఎగ్గట్టింది. ఆమెకు ఏ అడ్డూ లేదు, అత్తగారు. కానీ చిన్నమ్మాయి అప్పటికే బయటికి వచ్చేసింది, నూకరత్నం లోపలినుంచి తలుపు మూసి గడియ పెట్టేసింది. పాపాయమ్మ రెండు చేతులతో నెట్టింది. తలుపు కొంచెం వణికింది, తెరుచుకోలేదు. ఆమె చెయ్యి గుమ్మం అంచు వెంట పైనుంచి కిందిదాకా తడుముకుంటూ పోయింది, ఇదివరకు పచ్చడిబండకు దొరికిన గొట్టాల కోసం. అక్కడ పాత స్క్రూల చిల్లులున్నాయి, అంతే.

మంచం వరండాలోనే ఉండిపోయింది. నూకరత్నం చాప మీద పడుకోవడానికి అలవాటుపడింది. అలవాటు కొత్తేమీ కాదు, పాతదే తిరిగొచ్చింది. బేబీ ఆ మంచాన్ని ఎవరికీ ఇవ్వనివ్వలేదు, తను వాడుకోలేదు. పట్టెలు మళ్ళీ బిగించి, దాని మీద సావడా చేపలు ఎండబెట్టింది. వాటి వాసన నూకరత్నం గది కిటికీలోకి నేరుగా వచ్చేది. చూస్తుండగానే పట్టెలు వానకు తడిసి ఉబ్బాయి.

తలుపుల లెక్క మాత్రం ఇంకా బేసే. బేబీ పంతులుగారికి ఫోన్ చేసి, తీయడం కుదరలేదండి అంది. అయితే ఇంకోటి పెట్టుకోండమ్మా అన్నాడాయన. వారంలోపల వీరబ్రహ్మం వచ్చి వంటింటి గుమ్మానికి తలుపు బిగించి పోయాడు. ఈ ఇంటికి రావడానికి అతనికి ఈసారి ఏ భయమూ అడ్డం రాలేదు. నూకరత్నం బజారు నుంచి వచ్చేసరికి ఆ తలుపుకి తాళం ఉంది. లోపల పొయ్యి, బియ్యం డబ్బా, ఆమె వంతు గిన్నెలు కూడా.

"అక్కా, అన్నం తినాలి" అంది.

"నీ తలుపు నీది. మా తలుపు మాది" అంది బేబీ, టీవీ చూస్తూ. గంగాధర్ కుర్చీ మళ్ళీ టీవీ వైపుకు తిరిగి ఉంది. అతను సౌండు పెంచాడు.

అలా వేరు పడ్డారు. పెద్దలు కూర్చోలేదు, మాటా మంచీ జరగలేదు, పంపకాలు రాసుకోలేదు. తాళం పడింది, పొయ్యి వేరైంది. ఆ పూటకు నూకరత్నం అరటిపళ్ళు తిని పడుకుంది. మర్నాడు ఒక కరెంటు పొయ్యి, ఒక గిన్నె కొనుక్కుని గదిలో పెట్టుకుంది.

మొదటిసారి వండుకున్న రోజు ఉప్పు లేదని గుర్తొచ్చి బయటికొచ్చింది. అడిగినా ఇవ్వరని తెలుసు. అయినా వంటింటి తలుపు దగ్గర ఆగింది. లోపల గ్యాసుబండ గుమ్మానికి అడ్డంగా ఉంటుంది, ఎన్నేళ్ళుగానో అక్కడే. తలుపు లోపలికి తెరిస్తే బండకు తగులుతుంది. అందుకని వీరబ్రహ్మం దాన్ని హాల్లోకి తెరిచేలా పెట్టాడు. పైన ఒకటి, మధ్యన ఒకటి, కింద ఒకటి, కొత్త ఇనప బందులు, పిన్నుల తలలతో సహా హాల్లోకి నిక్కి చూస్తున్నాయి. కింది పిన్ను అప్పుడే కొంచెం పైకి లేచి ఉంది.

నూకరత్నం వాటిని ఒక్కొక్కటిగా చూసింది. చెయ్యి పెట్టలేదు. తల తిప్పితే అరుగు మీంచి పాపాయమ్మ తననే చూస్తోంది. ముసలావిడ కళ్ళు కోడలి మొహం మీంచి పై బందు మీదికి, అక్కణ్ణుంచి కింది బందు మీదికి దిగాయి. పిన్నులు ఎలా ఊడతాయో ఆ ఇంట్లో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

నూకరత్నం తన గదిలోకి పోయి ఉప్పు లేని పులుసే పెట్టుకుని తినేసింది. ఆవిరి పోవడానికి తలుపు తెరిచే ఉంచింది. బయట హాల్లో పీట ఈడ్చిన చప్పుడైంది. పాపాయమ్మ తన పీటను అరుగు మీంచి తెచ్చి వంటింటి తలుపు పక్కన, బందుల వైపుకి వేసుకుంటోంది.

అప్పటినుంచి ఆమె చోటు అదే. వీధిలో ఎవరు పోయిందీ, ఎవరికి ఎన్ని చేపలు పడిందీ ఇప్పుడు ఆమెకు తెలియడం లేదు. బేబీని అడిగితే, నేను చూడలేదంటుంది. మొన్న ఎదురింట్లో భోజనాలకి పిలవడానికొచ్చినవాళ్ళు, అత్తా మీరూ రావాలి అన్నారు. నూకరత్నం అప్పుడే బుట్ట దించి, కాళ్ళు కడుక్కుని, తన గది తాళం తీస్తోంది. పాపాయమ్మ ఆమె వీపు వైపు చూసి, గొంతు తగ్గించకుండానే చెప్పింది.

"నేనెలా వస్తానే? ఇక్కడ కూర్చునేదెవరు?"